షోలాపురపు బీడీ కార్మిక స్త్రీల స్వగృహ నిర్మాణము

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెత తెలుగునాట ఎంత ప్రసిద్ధమో, తరముల క్రిందట మహారాష్ట్రమునకు తరలిపోయిన తెలుగు కుటుంబములలోను అంతే ప్రసిద్ధము. పెండ్లికి బంధువులు చేయూతనిత్తురు. చీటీ పాడియైనను గడుపుకొనవచ్చును. ఇంటికి మొదట భూమి కావలెను, పిదప పెద్ద మొత్తము ఒక్కసారిగా కావలెను. ఏనాటి కూలి ఆనాటికే చాలని సంసారమునకు ఈ రెండును దుర్లభములు. అట్టి సంసారములు వేలకొలదిగా ఒక్కచోట సొంత ఇండ్లు కట్టుకొనగలిగిన వృత్తాంతము షోలాపుర తెలుగువారి చరిత్రలో ముఖ్యఘట్టము.

షోలాపురము ఆనాడు నిజాము రాజ్యపు సరిహద్దున నుండిన బొంబాయి రాజధానిలోని పట్టణము. అచ్చట 1877లో నూలుమిల్లు పనిచేయ నారంభించెను. తరువాత మఱికొన్ని మిల్లులు వెలసెను. తెలంగాణపు పల్లెలలో మగ్గమునకు పని కఱవైన పద్మశాలి కుటుంబములు అనేకములు ఆ పట్టణమును ఆశ్రయించెను. పురుషులు మిల్లులలోను, చేమగ్గములపైనను, తరువాత మరమగ్గములపైనను పనిచేసిరి. షోలాపురపు దుప్పటికి వచ్చిన పేరులో వీరి చేతిపని పాలు మిక్కిలి పెద్దది. పట్టణపు తూర్పుభాగమున తెలుగు పేటలును, మార్కండేయుని ఆలయమును, విద్యాసంస్థలును ఏర్పడెను. ఇరువదవ శతాబ్ది చివరి దశాబ్దములలో పెద్ద మిల్లులు ఒకదానివెంట నొకటి మూతపడగా, సంసారభారము అధికముగా స్త్రీల చేతి బీడీపనిపై బడెను.

బీడీపనికి ప్రత్యేకమైన కార్యశాల లేదు. కార్ఖానా నుండి తునికియాకును, పొగాకును తెచ్చుకొని, ఇంటిలో చాట ఒడిలో నుంచుకొని చుట్టి, కట్టలు కట్టి అప్పగించుటయే పద్ధతి. కూలి వేయి బీడీల లెక్కన ముట్టును. కావున ఆ స్త్రీకి ఇల్లనగా నిద్రించు చోటు మాత్రమే కాదు, పనిచేయు చోటు కూడను. అద్దెకున్న ఒక్క గదిలోనే వంట, పిల్లలు, తడిపిన ఆకు, పొగాకు ఘాటు అన్నియు ఇముడవలెను. ఇల్లు ఖాళీచేయుమని యజమాని చెప్పిన దినమున ఆమె నివాసముతోపాటు పనిచోటును కోల్పోవుచుండెను.

ఇట్టివారికి అప్పు పుట్టకపోవుటకు కారణము స్పష్టమే. బ్యాంకునకు చూపుటకు నెలజీతపు కాగితము లేదు. తనఖా పెట్టుటకు స్థిరాస్తి లేదు. సాహుకారు బంగారముపై నిచ్చు అప్పు రోగమునకో, పెండ్లికో సరిపోవును గాని ఇంటి పునాదికి చాలదు. రోజునకు 10 రూపాయలు మిగిల్చినను 20,000 రూపాయలు కూడుటకు 2,000 దినములు, అనగా దాదాపు ఐదున్నర సంవత్సరములు పట్టును. ఈలోగా ఇటుక ధరయు, స్థలపు ధరయు పెరుగకుండ ఆగవు.

ఈ చిక్కును విప్పుటకు తొలి మార్గము చట్టము వలన కలిగెను. 1966లో బీడీ, సిగారు కార్మికుల చట్టము వచ్చెను. 1976లో బీడీ కార్మిక సంక్షేమనిధి చట్టమును, దానికి ధనము సమకూర్చుటకై సెస్సు విధించు చట్టమును చేయబడెను. ఇంటిలో కూర్చుండి బీడీ చుట్టువారును ప్రావిడెంటు ఫండునకు అర్హులైన ఉద్యోగులే యని 1985లో సుప్రీంకోర్టు నిర్ణయించెను. వీనివలన గుర్తింపు కార్డు గల స్త్రీ ప్రభుత్వము దృష్టిలో "కార్మికురాలు" అయ్యెను. సంక్షేమనిధి చేసిన సాయములలో ఇంటి సబ్సిడీయు నొకటిగా నుండెను. ఆమె చుట్టిన బీడీపై వసూలైన సెస్సే కొంత ఇటుకగా, సున్నముగా తిరిగివచ్చుటకు త్రోవ ఏర్పడెను.

అయినను సబ్సిడీ ఒక్కటే ఇల్లు కాదు. ఒంటరిగా దరఖాస్తు పెట్టుకొన్న స్త్రీకి పట్టణమున స్థలమెచ్చట దొరకును? ఈ లోటును సహకార సంఘము తీర్చెను. కార్మిక నాయకుడును, పలుమార్లు శాసనసభ్యుడును అయిన నర్సయ్య ఆడం నాయకత్వమున, వార్లీ ఆదివాసుల ఉద్యమమును నడపిన గోదావరీ పరులేకర్ పేరిట మహిళా బీడీ కార్మికుల గృహనిర్మాణ సహకార సంఘము నెలకొనెను. పట్టణమునకు వెలుపల, అక్కల్‌కోట మార్గమున కుంభారి గ్రామముకడ పదివేలకు పైగా ఇండ్లు నిర్మింపబడెను. ఒక్కొక్క ఇంటి వ్యయము 60,000 రూపాయలు. అందు కేంద్రప్రభుత్వము 20,000, రాష్ట్రప్రభుత్వము 20,000, కార్మికురాలు 20,000 భరించునట్లు ఏర్పాటు. 2006 సెప్టెంబరు 1వ తేదీన నాటి ప్రధాని మన్‌మోహన్ సింగు ఈ గృహములను అప్పగించెను. వానిని పొందినవారిలో తెలుగు స్త్రీలు అధికసంఖ్యాకులు. మరాఠీ, కన్నడ, ఉర్దూ మాటలాడు స్త్రీలును వారితో కలిసియే సభ్యులైరి.

ఈ ఏర్పాటులో గమనింపదగినవి మూడు. మొదటిది, పంపకము. ఒక్కరి నెత్తిన పడినచో మోయరాని భారము మూడు పాళ్లయి, స్త్రీ మోయదగిన పాలే ఆమెకు మిగిలెను. రెండవది, సమష్టి. పట్టణమునకు దూరముగా నున్న భూమి చౌక; కాని అచ్చటికి దారి, నీరు, దీపము ఒక్క కుటుంబము తెచ్చుకొనజాలదు, పదివేల కుటుంబములు కూడి అడుగగలవు. మూడవది, హక్కు. సభ్యత్వము స్త్రీదే కావున ఇల్లును ఆమె పేరనే నిలిచెను. వలసవచ్చిన నేతకుటుంబములలో మగ్గము సాధారణముగా పురుషునిది. బీడీచాట నుండి పుట్టిన ఈ ఇల్లు స్త్రీది.

చౌకభూమికి మూల్యము లేకపోలేదు. ఆకు తెచ్చుకొనుటకు, బీడీలు అప్పగించుటకు, పిల్లల చదువునకు, వైద్యమునకు పట్టణముతో సంబంధము తప్పదు. దూరమునకగు ఖర్చు ఇంటి లెక్కలో మొదట కనబడదు. ప్రతిదినము కూలిలోనుండి తీసివేయబడుచుండును. అద్దె తప్పిన లాభములో కొంత ఈ విధముగా కరగిపోవును.

ఇదే మార్గమున తరువాత రేనగర్ అను 30,000 ఇండ్ల కాలనీ తలపెట్టబడెను. 2015లో ఆరంభమైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన క్రింద దీనికి 2019 జనవరిలో శంకుస్థాపన జరిగెను. 15,000 ఇండ్లు 2024 జనవరి 19వ తేదీన ప్రధాని నరేంద్ర మోదీ చేతులమీదుగా అప్పగింపబడెను. బీడీ కార్మికులతోపాటు నేతపనివారు, చిల్లర వర్తకులు, చిత్తుకాగితము లేరువారు, డ్రైవర్లును ఇందు చేరిరి. శంకుస్థాపననాడు ప్రకటించిన లెక్క ప్రకారము మొత్తము వ్యయము సుమారు 1,811 కోట్లు. కేంద్ర రాష్ట్రముల సహాయము 750 కోట్లు. మొదటి కాలనీలో ఇంటి ఖర్చున మూడింట రెండు వంతులు ప్రభుత్వములవి కాగా, ఇచ్చట సర్వవ్యయములో ఆ సహాయము నూటికి 41 మాత్రమే. ఇంతలో 2017లో బీడీ సెస్సు రద్దయ్యెను. కార్మికురాలి చేతిపని నుండియే పుట్టి ఆమె ఇంటికి చేరుచుండిన ఆ ప్రత్యేకధార నిలిచిపోయెను.

షోలాపుర తెలుగువారి చరిత్రను వ్రాయువారు మిల్లులను, మగ్గములను, ఆలయములను వర్ణించుట సహజము. వానితోపాటు ఈ ఇండ్ల లెక్కయు వ్రాయదగినది. తాతలనాడు పొట్టచేత బట్టుకొని వచ్చినవారు పరాయి గదులలో తరములు గడపిరి. వారి మనుమరాండ్రు వేయి బీడీల కూలినుండి మిగిల్చిన పైకమునకు సంఘబలమును, చట్టబలమును తోడుచేసికొని ఆ నేలపై తమ పేర ఇంటిపత్రము సంపాదించిరి. వలస నివాసముగా మారిన తీరునకు ఇంతకంటె గట్టి సాక్ష్యము వేఱొకటి లేదు.