బ్యాటరీ మీది అంకె

వికారాబాద్ వైపు తోటలో మా బాబాయి ఇల్లు కట్టుకున్నాడు. కరెంటు స్తంభం అక్కడిదాకా రాలేదు. సోలార్ బ్యాటరీ కోసం ఇద్దరం నాంపల్లి స్టేషన్‌లో దిగి ఆబిడ్స్‌కి నడిచాం. దారిలో పిస్గా కాంప్లెక్స్ చూపించాను. ఉమ్మడి రాష్ట్రంలో సోలార్ పనులు చూసిన నెడ్‌క్యాప్ ఆఫీసు అందులోనే ఉండేది.

షాపులో "150 ఏహెచ్ ఒక్కటి చాలు సార్" అన్నారు. ఆ అంకె వెనక పెద్ద కథే ఉంది.

1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే రెండు సీసం రేకులు ఒకదానికొకటి తగలకుండా చాపలా చుట్టి, సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచాడు. వాడేశాక మళ్లీ ఛార్జ్ చేసుకోగలిగే మొదటి బ్యాటరీ అదే. 1881లో కమిల్ ఫోర్ రేకులకు సీసం ఆక్సైడ్ ముద్ద పూయడంతో అందులో పట్టే కరెంటు బాగా పెరిగింది. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది మాత్రం 1897లో జర్మనీలో పాయ్‌కర్ట్ తేల్చిన సంగతి: బ్యాటరీ నుంచి ఎంత వేగంగా లాగితే అంత తక్కువ దక్కుతుంది. అందుకే ఏహెచ్ పక్కన సీ10, సీ20 అని గంటలు రాస్తారు. సీ10లో 150 అంటే 15 ఆంపియర్ల చొప్పున పది గంటలు. అదే బ్యాటరీతో మోటారు తిప్పితే 150 రాదు.

బిల్లు కాగితం వెనక్కి తిప్పి పెన్సిల్‌తో లెక్క వేశాం. 30 వాట్ల ఫ్యాన్లు రెండు, పది గంటలకు 600. 9 వాట్ల బల్బులు నాలుగు, ఐదు గంటలకు 180. వరండా బల్బు తెల్లార్లూ 108. మొత్తం 888 వాట్-అవర్లు. ఇన్వర్టర్ తినేది కలిపితే ఇంచుమించు వెయ్యి. ముసురు పట్టి ఎండ మొహం చూపకపోతే రెండు రాత్రులకు రెండు వేలు. సీసం బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తరుగుతుంది కాబట్టి నాలుగు వేలు ఉండాలి. 12 వోల్టుల 150 ఏహెచ్‌లో ఉండేది 1,800. రెండు కొన్నా 3,600 దగ్గరే ఆగుతుంది.

బాబాయి కాసేపు కాగితం వంకే చూశాడు. "వరండా లైటు తెల్లార్లూ ఎందుకురా" అని 108 మీద అడ్డగీత కొట్టాడు. మళ్లీ కూడితే మూడున్నర వేలు తేలింది. రెండు బ్యాటరీలు ఆటో ఎక్కించాం.