ఊరికే వచ్చిన ఖనిజం



సెలవులకు వచ్చిన మా మనవడు రాత్రి పొద్దుపోయేదాకా కంప్యూటరు ముందు కూర్చుని అంతరిక్షంలో రాళ్లు తవ్వుతున్నాడు. తవ్వి తవ్వి ఒక ఓడ కట్టాడు. "ఎంతయిందిరా?" అని అడిగితే, "ఊరికే వచ్చింది తాతయ్యా, ఖనిజమంతా నేనే తవ్వుకున్నాను" అన్నాడు. ముప్పయ్యేళ్లు పిల్లలకు మాటల అర్థాలు చెప్పినవాడిని కనుక, ఆ 'ఊరికే' దగ్గర ఆగిపోయాను. వాడిని అడిగీ, చదివీ ఆ ఆట చరిత్ర కొంత తెలుసుకున్నాను.

ఆట పేరు ఈవ్ ఆన్‌లైన్. ఐస్‌లాండు దేశపు సీసీపీ సంస్థ 2003 మే నెలలో విడుదల చేసింది. వేలాదిమంది ఒకే విశ్వంలో కలసి ఆడతారు. అందలి ఓడలలో అత్యధికం ఆటగాళ్లు స్వయంగా నిర్మించుకొనేవే. గ్రహశకలాలను లేసరు కిరణంతో తొలిచి ముడిరాయి తీయాలి. వెల్డ్‌స్పార్ అనే రాతిని శుద్ధిచేస్తే ట్రిటానియం వస్తుంది. యుద్ధంలో ధ్వంసమైన ఓడ తిరిగిరాదు. కనుక యుద్ధాలు సాగినంతకాలం ఖనిజానికి గిరాకీ తప్పదు. 2007లో ఆ సంస్థ గుడ్మండ్సన్ అనే ఆర్థికశాస్త్రవేత్తను ప్రత్యేకించి ఈ అంగడిని పరిశీలించడానికే నియమించుకున్నదంటే వ్యవహారం ఎంత పెద్దదో ఊహించవచ్చు.

మా వాడి వాదం ఆ ఆటలో చాలా పాతదట. అనుభవజ్ఞులు చెప్పే సమాధానం ఒక్కటే: ఆ ఖనిజాన్ని అంగడిలో అమ్మితే ఎంత వచ్చేదో, అదే నీ ఓడకు నీవు పెట్టిన ఖర్చు. తవ్వినవాడి కాలానికి వెల ఉన్నది.

నిజంగా ఊరికే వచ్చిన ఖనిజం మరొకటి ఉండేది. దాని పేరు టెక్నీషియం. గ్రీకుభాషలో 'కృత్రిమం' అనే మాట నుండి పుట్టిన పేరు. లోకంలో మనిషి కృత్రిమంగా తయారుచేసిన తొలి మూలకానిది. 1937లో కనుగొన్నారు. ఆటలో అది చంద్రులలో దొరికేది. చంద్రుని చెంత స్థావరం నిలిపి, ఇంధనం పోసి, యంత్రం బిగిస్తే చాలు, యజమాని నిద్రపోతున్నా ఖనిజం కుప్పపడేది. 2009 డిసెంబరులో తయారీ సూత్రాలు మారడంతో దాని అవసరం విపరీతంగా పెరిగింది. ఆ చంద్రులేమో అధికభాగం పటానికి ఉత్తరదిక్కున ఉన్నారు. అక్కడ బలం గల కూటములు 2012లో, చమురుదేశాల ఒపెక్ పేరును అనుకరిస్తూ, ఓటెక్ అనే కట్టు కట్టాయి. ఒకరి చంద్రుల జోలికి ఒకరు పోరాదు, ధర పడనీయరాదు.

ఆ ఏడాది ఆగస్టులో సంస్థ చౌక ఖనిజం నుండి బదులు పదార్థం చేసుకొనే దారి చూపింది. 2013 జూన్‌లో చంద్రుల సంపదను దిక్కులన్నిటికీ తిరిగి పంచింది. 2017 అక్టోబరులో అసలైన మార్పు వచ్చింది. యంత్రం చంద్రుని నుండి ఒక ముక్కను పైకి లాగి పగులగొట్టేది. ఆ రాళ్లను మనుషులే వచ్చి తవ్వుకోవలసి వచ్చింది. పద్నాలుగేళ్లకు చంద్రుల దగ్గరకూ శ్రమ వచ్చి చేరింది.

ఇది చదువుతుంటే మా ఇల్లు గుర్తుకు వచ్చింది. నాన్నగారు కౌలురైతు. నూర్పిళ్లు కాగానే ఆసామికి చెందవలసిన బస్తాలు ఒక్కటి తగ్గకుండా లెక్కపెట్టి పంపేవారు. మిగిలినవి ఇంటికి చేరాక, "తిండిగింజలకు కొరత లేదు, ఊరికే వచ్చాయి" అనేవారు సంతోషంగా. అమ్మ వంగి కలుపుతీసిన దినాలకు ఎవరూ కూలి కట్టలేదు. అమ్మ కూడా అడగలేదు. ఏ పనీ చేయని ఆసామి గింజలకు లెక్క ఉన్నది; చేసినవారి చేతులకు లేదు.

మనవడిని ఆటకు గాను మందలించబోయి మానుకున్నాను. ఎన్ని రాత్రులు తవ్వావో కాగితం మీద వ్రాయమన్నాను. వ్రాసి, చూసుకుని, "ఊరికే రాలేదు తాతయ్యా" అన్నాడు.

అమ్మ ఉండగా నేను ఆ లెక్క వ్రాయలేదు. మీ ఇళ్లలో ఎవరైనా వ్రాశారా? తెలుపగోరుతాను.