కుక్కగొడుగులూ, పెరుగు తోడూ

మొన్న కార్తీకమాసంలో మొదలైంది ఈ గొడవ. భీమిలిలో ఉండి నెలరోజులు చేప ముట్టకుండా ఉండాలంటే పిల్లలకి ఎంత కష్టమో మీకు తెలుసు కదా. పుట్టగొడుగులైతే నీసు కాదుగదా అని, వెనక సామాన్ల గదిలో నాలుగు సంచులు కట్టి వేలాడదీశాను. మా అత్తయ్య చూసి, "ఏటమ్మా ఇది? కుక్కగొడుగుల్ని ఎవరైనా ఇంట్లో పెంచుతారేటి?" అన్నారు. ఆ రోజంతా నాతో సరిగ్గా మాట్లాడలేదు.

కారణం రాత్రి చెప్పారు. ఆవిడ చిన్నప్పుడు తొలకరికి గట్టు మీద మొలిచినవేవో కోసుకొచ్చి కూర వండారట. ఇంటిల్లిపాదీ వాంతులతో మంచం పట్టారు. పదేళ్ళ తమ్ముడు మళ్ళీ లేవలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ తమ్ముడి సంగతి నేను వినడం అదే మొదలు.

ఆవిడ భయం వట్టిది కాదండీ. అమనిటా జాతిలో కొన్నిటి విషం ఉడికించినా పోదు. తిన్న ఆరు గంటల తర్వాతో, ఇంకా ఆలస్యంగానో బయటపడుతుంది, అప్పటికే కాలేయానికి ఎక్కేస్తుంది. వెండి చెంచా నల్లబడితే విషం అనే మాట నమ్మకండి. మనుస్మృతి వెల్లుల్లి, ఉల్లిపాయలతో పాటు కవకాల్ని, అంటే పుట్టగొడుగుల్నీ వద్దంది. ఉల్లీ వెల్లుల్లీ ఎప్పుడో మన వంటింట్లోకి వచ్చేశాయి. ఇవి మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. మన పావురాళ్ళకొండ మీద ఒకప్పుడు బౌద్ధ భిక్షువులుండేవారు కదా, వాళ్ళ బుద్ధుడు ఆఖరిసారి తిన్న 'సూకరమద్దవం' పంది మాంసమా, పుట్టగొడుగులా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

అడవిలో ఏరుకోవడం వేరు, పెంచడం వేరు. పెంపకంలో మనకంటే చెదపురుగులే ముందు. పుట్టలోపల బూజు తోటలు వేసుకుని కోట్ల ఏళ్ళుగా తింటున్నాయి. పుట్టగొడుగు అన్న పేరు ఊరికే రాలేదు. మన ఊళ్ళో డచ్చివాళ్ళు కోట కట్టుకుని వ్యాపారం చేసుకునే రోజుల్లోనే, పారిస్ దగ్గర తోటమాలులు గుర్రపు పేడ మడుల్లో వీటిని పెంచేవారు. విత్తనం అంటూ లేదు. తెల్లబూజు పట్టిన పేడ గడ్డ తీసి కొత్త మడిలో పెట్టడమే. మనం పక్కింటి నుంచి పెరుగు తోడు తెచ్చుకోమూ, అలాగే. తోడు పాడైతే పెరుగు పాడైనట్టు, ఆ గడ్డతో పాటు తెగుళ్ళూ వచ్చేవి. 1890ల్లో పారిస్ శాస్త్రవేత్తలు శుద్ధమైన బూజును విడిగా పెంచారు. 1932లో అమెరికాలో సిండెన్ అనే ఆయన దాన్ని ఉడికించిన ధాన్యపు గింజల మీద పెంచే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఈరోజు మనం కొనే విత్తనం ప్యాకెట్లో ఉండే తెల్లటి జొన్నలు ఆ పద్ధతివే.

మన వైపు కథ 1943లో కోయంబత్తూరులో మొదలైంది. అప్పుడు భీమిలీ, కోయంబత్తూరూ ఒకే మద్రాసు రాజధానిలో ఉండేవి. అక్కడ థామస్, ఆయన సహచరులు వరిగడ్డి మీద పుట్టగొడుగులు పండించి చూపించారు. తర్వాత 1962లో మైసూరు ఆహార పరిశోధన సంస్థలో జకియా బానో, శ్రీవాస్తవ కలిసి ముత్యపుచిప్ప రకాన్ని, అదే ఆయిస్టర్‌ని, వరిగడ్డి మీద పండించారు. పశువులకి వేసే గడ్డి మీద మనిషి తినే కూర పండించినవారిలో ఒక ఆడమనిషి ఉందని తెలిసి నాకు భలే సంతోషం వేసింది.

నేను చేసిందీ అదే. గడ్డిని రెండంగుళాల ముక్కలు కోసి రాత్రంతా నానబెట్టాను. ఒక గంట వేడినీళ్ళలో ఉంచి, పిండితే చుక్క కారనంతవరకూ ఆరబెట్టాను. సంచిలో ఒక వరస గడ్డి, ఒక వరస విత్తనం. చీకటి గదిలో రెండు మూడు వారాలు. నాలుగింట్లో ఒకదానికి ఆకుపచ్చ బూజు పట్టింది. గడ్డి సరిగ్గా ఆరకుండానే తొందరపడి కట్టేశాను, తప్పు నాదే. అది దూరంగా పారేశాను. మిగతా మూడూ తెల్లగా పేరుకున్నాయి. చీల్చి రోజుకి రెండు మూడుసార్లు నీళ్ళు జల్లితే మొగ్గలొచ్చాయి, మూడు నాలుగు రోజుల్లో చెవుల్లా విచ్చుకున్నాయి.

ఆ ప్యాకెట్టు, జొన్నగింజలు, తెల్లబడ్డ గడ్డి అన్నీ అత్తయ్యకి వరసగా చూపించాను. "అయితే ఇది మన తోడంటు లాంటిదేనా?" అని అడిగారు. అవునన్నాను. కూర మాత్రం తినలేదు, నేనూ బలవంతం చెయ్యలేదు. మనవలు తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చున్నారు. ఆ రాత్రి రెండుసార్లు లేచి పిల్లల గదిలోకి వెళ్ళి చూసి రావడం నాకు వినపడింది.

ఎండాకాలం మన ఉక్కకి ఆయిస్టర్ సరిగ్గా రాదు. అందుకని ఈసారి పాల పుట్టగొడుగులు వేస్తాను, వాటికి ముప్పై అయిదు డిగ్రీలైనా ఫరవాలేదట. కాపు అయిపోయిన గడ్డి కరివేపాకు మొక్క మొదట్లో వేశాను.