రెండు చిప్పులున్న కార్డు ఎందుకు ఓడిపోయింది? వూడూ 5, జీఫోర్స్ 2 కథ

సికింద్రాబాద్ సీటీసీలో గ్రాఫిక్స్ కార్డు కొనడానికి వెళ్తే మనం మొదట అడిగే మాట ఏంటి? "మెమరీ ఎంత?" ఎనిమిది జీబీయా, పన్నెండా? ఎక్కువున్నది గొప్ప కార్డు, తక్కువున్నది మామూలు కార్డు. అంతే మన లెక్క. ఈ లెక్కను ఎంతవరకు నమ్మొచ్చో చూడాలంటే ఒకసారి 2000 సంవత్సరానికి వెళ్లాలి. ఆ ఏడాది మధ్యలో రెండు కార్డులు మార్కెట్లో ఎదురెదురుగా నిలబడ్డాయి. ఒకటి 3డీఎఫ్ఎక్స్ వాళ్ల వూడూ 5 5500. రెండోది ఎన్విడియా వాళ్ల జీఫోర్స్ 2 జీటీఎస్. డిసెంబరు వచ్చేసరికి మొదటి కంపెనీ తన ఆస్తుల్ని రెండో కంపెనీకే అమ్ముకోవాల్సి వచ్చింది. ఏం జరిగిందో చూద్దాం.

ముందు 3డీఎఫ్ఎక్స్ అంటే ఎవరో తెలియాలి. సిలికాన్ గ్రాఫిక్స్‌లో పనిచేసి వచ్చిన రాస్ స్మిత్, గ్యారీ టారొల్లి, స్కాట్ సెల్లర్స్ 1994లో పెట్టిన కంపెనీ ఇది. 1996లో వాళ్ల మొదటి వూడూ కార్డు వచ్చింది. విచిత్రం ఏంటంటే, అది 3డీ బొమ్మలు తప్ప ఇంకేం గీయలేదు. మామూలు తెర కోసం ఇంకో కార్డు ఉండాల్సిందే. రెండిటికీ మధ్య ఒక కేబుల్ తగిలించాలి. అయినా జనం కొన్నారు. ఎందుకంటే అప్పటిదాకా ఆగి ఆగి నడిచిన ఆటలు దాంతో గలగలా పరుగెత్తాయి. 1998లో వూడూ 2 వచ్చింది. అలాంటి కార్డులు రెండు ఒకే కంప్యూటర్‌లో పెడితే, ఒకటి సరి గీతలు, ఇంకోటి బేసి గీతలు గీసేవి. దీనికి ఎస్ఎల్ఐ అని పేరు పెట్టారు. పని ఎక్కువైతే ఇంకో మనిషిని కూలికి పిలిచినట్టు, ఇంకో చిప్పును తెచ్చి పక్కన పెట్టడం. ఈ ఆలోచన గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఇప్పుడు 2000కి వద్దాం. వూడూ 5 5500 మీద వీఎస్ఏ-100 అనే చిప్పులు రెండున్నాయి. వేగం 166 మెగాహెర్ట్జ్. మెమరీ 64 ఎంబీ. ధర 299 డాలర్లు. జీఫోర్స్ 2 జీటీఎస్ మీద ఉన్నది ఒక్కటే చిప్పు. వేగం 200 మెగాహెర్ట్జ్. మొదట వచ్చిన కార్డుల్లో మెమరీ 32 ఎంబీ. మన సీటీసీ లెక్క ప్రకారం చూస్తే ఎవరు గెలవాలి? వూడూయే కదా!

కానీ లోపలికి వెళ్లి చూడండి. వూడూ 5లో ఆ 64 ఎంబీ ఒకే కుప్ప కాదు. చిప్పుకు 32 చొప్పున పంచేశారు. గోడ మీది ఇటుకల బొమ్మ, నేల మీది గడ్డి బొమ్మ, వీటినే టెక్స్చర్లు అంటాం. రెండు చిప్పులూ అదే దృశ్యాన్ని గీస్తున్నాయి కాబట్టి ఆ బొమ్మలు ఇద్దరి దగ్గరా విడివిడిగా ఉండాలి. ఒకే పుస్తకం రెండు కాపీలు కొన్నట్టు. అంటే డబ్బా మీద 64 అని ఉన్నా, టెక్స్చర్ల విషయంలో అది 64 కానే కాదు.

రెండో అంకె, గీసే వేగం. వూడూ 5 రెండు చిప్పులూ కలిసి సెకనుకు సుమారు 66.7 కోట్ల చుక్కలు గీయగలవు. జీఫోర్స్ 2 ఒక్కటే 80 కోట్లు గీస్తుంది, అదీ ఒక్కో చుక్కకు రెండేసి టెక్స్చర్లు అద్దుతూ. అలా 160 కోట్ల లెక్క వచ్చింది. ఎన్విడియా దీన్నే గొప్పగా చెప్పుకుంది. ఇక్కడ వాళ్ల కాగితాన్ని కూడా పూర్తిగా నమ్మకూడదు. ఎందుకంటే మెమరీ నుంచి డేటా తెచ్చుకునే దారి రెండు కార్డులకూ దాదాపు ఒకటే, సెకనుకు సుమారు 5.3 జీబీ. పెద్ద తెర మీద, 32 బిట్ల రంగులతో ఆడితే జీఫోర్స్ ఆ దారి దగ్గరే ఇరుక్కుపోయేది. 160 కోట్ల అంకెను అది ఆటలో అందుకోలేదు.

మరి తేడా ఎక్కడొచ్చింది? చేసే పనిలో వచ్చింది. 3డీ ఆటలో ప్రతి వస్తువూ త్రిభుజాల కూర్పు. ప్రతి త్రిభుజం తెర మీద ఎక్కడ పడాలి, దాని మీద వెలుగు ఎంత పడాలి అనే లెక్కలు అప్పటిదాకా ప్రాసెసరే చేసేది. 1999 చివర్లో వచ్చిన జీఫోర్స్ 256తో ఎన్విడియా ఆ లెక్కల్ని కార్డులోకి తెచ్చేసింది. దాన్నే టీ అండ్ ఎల్ అంటారు. జీఫోర్స్ 2లో అది ఇంకా పదునెక్కింది. వూడూ 5లో అది లేనే లేదు. ప్రాసెసర్లు ఎలాగూ వేగం పెంచుకుంటున్నాయి కదా అన్నది 3డీఎఫ్ఎక్స్ వాదన. ఆ రోజుకి ఆ వాదన మరీ తప్పు కూడా కాదు, ఎందుకంటే దాన్ని వాడుకునే ఆటలు అప్పటికి కొన్నే. కానీ క్వేక్ 3 లాంటి ఆటలో తేడా కనబడింది. కొన్నేళ్లకు, టీ అండ్ ఎల్ లేకపోతే మొదలే కాని ఆటలూ వచ్చాయి.

న్యాయంగా ఇంకో మాట చెప్పాలి. వూడూ 5 ఒక విషయంలో నిజంగా ముందుంది. గీతల అంచులు మెట్లు మెట్లుగా కనబడకుండా నునుపు చేసే పద్ధతిలో, బొమ్మ నాణ్యత దానిదే మేలు. కంటికి ఇంపుగా ఉండేది వూడూ, చకచకా నడిచేది జీఫోర్స్.

ఇక అసలు దెబ్బ ఏ కాగితంలోనూ లేదు. అది క్యాలెండర్లో ఉంది. వీఎస్ఏ-100ను 1999 నవంబరులోనే ప్రకటించారు. కార్డు చేతికొచ్చేసరికి 2000 జూన్. ఈలోగా ఏప్రిల్లోనే జీఫోర్స్ 2 దిగింది. అంటే జీఫోర్స్ 256తో పోటీకి తయారైన కార్డు, దాని తమ్ముడితో తలపడాల్సి వచ్చింది. దానికి తోడు, 1998 చివర్లో 3డీఎఫ్ఎక్స్ ఎస్‌టీబీ అనే కార్డుల తయారీ కంపెనీని కొంటున్నట్టు ప్రకటించి, కార్డులు తానే చేసి అమ్మడం మొదలుపెట్టింది. అప్పటిదాకా ఆ చిప్పులు కొని కార్డులు చేసుకునే కంపెనీలు ఏం చేస్తాయి? ఎన్విడియా వైపు తిరిగాయి. నిన్నటి కొనుగోలుదారులే ఇవాళ్టి పోటీదారులయ్యారు.

2000 డిసెంబరు 15న ఒప్పందం ప్రకటించారు. 7 కోట్ల డాలర్ల నగదు, 10 లక్షల ఎన్విడియా షేర్లు. 2002లో 3డీఎఫ్ఎక్స్ దివాలా పిటిషన్ వేసింది. 2004లో ఎన్విడియా రెండు కార్డుల్ని కలిపే పద్ధతి తెచ్చి, దానికి పెట్టిన పేరేంటో తెలుసా? ఎస్ఎల్ఐ! పూర్తి పేరు వేరే, మూడక్షరాలు మాత్రం అవే.

కాబట్టి ఈసారి షాపులో "మెమరీ ఎంత?" అని అడగండి, తప్పులేదు. దాంతో ఆగకండి. ఆ మెమరీకి దారి ఎంత వెడల్పు, ఈ చిప్పు ఏ పని తన మీద వేసుకుంటోంది, మనం ఆడే ఆట దాన్ని వాడుకుంటుందా అని కూడా అడగండి. ఉంటానండీ, వచ్చే భాగంలో కలుద్దాం.