కర్మాగారం మూతపడినా కన్ను మూయని కారు

2019 నుండి గుజరాతులోని హాలోల్‌లో తయారవుతున్న ఎమ్.జి. కార్లను పాఠకులు చూచియే ఉంటారు. ఆ పేరు పుట్టినది మాత్రం ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో. మోరిస్ గ్యారేజెస్ అనే వ్యాపారసంస్థ పేరులోని అక్షరాలే అవి. దాని మేనేజరు సెసిల్ కింబర్ 1920 దశకంలో సామాన్యమైన మోరిస్ కార్లకు సొగసైన బాడీలు కట్టించి ఈ వరుసకు నాంది పలికాడు. 1929లో కర్మాగారం సమీపంలోని ఆబింగ్డన్‌కు మారింది.

అక్కడ 1962లో మొదలైన ఎమ్.జి.బి. కథే మనకు ముఖ్యం. పద్ధెనిమిదేళ్లలో 5 లక్షలకు పైగా తయారైనవి. పూర్వపు కార్లలో చట్రం వేరు, బాడీ వేరు. ఇందులో రెండూ ఒకటే. రేకులే బరువు మోయాలి. ఇంగ్లండు వానకూ, చలికాలంలో రోడ్లపై చల్లే ఉప్పుకూ తలుపుల దిగువ రేకులు తుప్పుపట్టాయా, ఇంజను ఎంత బాగున్నా కారుకు నడుము విరిగినట్లే. 1980లో ఆబింగ్డన్ మూతపడింది. ఇక యజమానులకు పాత ఇనుపసామాను కొట్లే గతి!

అయితే రేకులు ఒత్తే అచ్చులు చాలావరకు మిగిలే ఉన్నవి. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థవారు వాటిని వెదకి సమకూర్చి, 1988లో సరికొత్త బాడీలను అమ్మకానికి పెట్టారు. పాతకారులోని ఇంజను, చక్రాలు, మీటర్లు విప్పి అందులో బిగించుకోవచ్చును. అది పాతకారా, కొత్తదా అని వాదించేవారు లేకపోలేదు. నా మట్టుకు నాకది పాతదే. ఆ బాడీ ఆధారంగానే రోవర్ కంపెనీ 1992లో ఆర్.వి.8 అనే కారును ప్రదర్శించింది. సుమారు 2,000 తయారైతే, అధికభాగం జపానుకు వెళ్లినవి.