నోటి శస్త్రచికిత్స పథ్యం: తీపి లేని మెత్తని వంటలు

జ్ఞానదంతం తీయించుకున్నా, చిగుళ్లకు కోత పెట్టించుకున్నా, దవడ ఎముకలో ఇంప్లాంట్ బిగించుకున్నా కొన్ని రోజులు నమిలే పని లేని తిండే తినాలి. అనగానే ఐస్‌క్రీం, పాలు, పళ్లరసాలు తెచ్చిపెడతారు. రెండో రోజుకే ఆ తీపి మొహం మొత్తి, ఉప్పటిదేదైనా ఉంటే బాగుండునని నాలుక పీకుతుంది. ముద్దపప్పు, పెరుగన్నం, మజ్జిగ కలిపిన జావ, పొంగలి, సొరకాయ కూర ఈ అవసరానికి చక్కగా సరిపోతాయి. ఇవన్నీ తెలుగిళ్లలో రోజూ వండేవే. మార్చుకోవలసింది తాలింపు, కారం, వేడి.

గాయం ఏం కోరుతుంది

పన్ను తీసిన గుంతలో రక్తం గడ్డకడుతుంది. కింది ఎముకకు, నరాలకు ఆ గడ్డే కప్పు. అది ముందే ఊడిపోతే ఎముక బయటపడి, చెవి దాకా పాకే నొప్పి మొదలవుతుంది. దీన్ని డ్రై సాకెట్ అంటారు. సాధారణంగా 2 నుంచి 4 రోజుల మధ్య కనిపిస్తుంది. కింది దవడ జ్ఞానదంతాల దగ్గర, పొగతాగే వాళ్లలో ఎక్కువ. స్ట్రాతో పీల్చినా, గట్టిగా పుక్కిలించి ఉమ్మినా గడ్డ కదిలే ప్రమాదం ఉంది కాబట్టి పలచటి జావనైనా గ్లాసుతో తాగాలి, లేదా గాయం లేని వైపు చెంచాతో పోసుకోవాలి. మొదటి రోజు వేడి పదార్థాలు కూడదు. వేడికి రక్తనాళాలు వెడల్పై రక్తం మళ్లీ కారవచ్చు. మత్తు వదలకముందు తింటే పెదవిని, నాలుకను కొరుక్కున్నా తెలియదు.

గింజల సంగతి చాలామందికి తట్టదు. ఆవగింజ, జీలకర్ర, నువ్వు, టమాటా గింజ, ఉప్మా రవ్వ పలుకు – ఇవన్నీ గుంతలో ఇరుక్కునేవే. ‘మెత్తగానే ఉందిగా’ అని ఉప్మా పెట్టడం ఇందుకే పొరపాటు.

పప్పు, అన్నం

పథ్యానికి ముద్దపప్పును మించింది లేదు. పచ్చి కందిపప్పు 100 గ్రాముల్లో సుమారు 22 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. పెసరపప్పులో ఇంకాస్త ఎక్కువే. కొత్త కణజాలం కట్టుకోవడానికి ప్రొటీన్ కావాలి. మామూలుకన్నా రెండు విజిల్స్ ఎక్కువ రానిచ్చి, పప్పుగుత్తితో వెన్నలా మెదిపి, ఉప్పు, పసుపు, నెయ్యి కలిపి గోరువెచ్చగా పెట్టాలి. మొదటి రోజు పప్పుకట్టు ఇవ్వడం మంచి పద్ధతే కానీ, దానితోనే బలం వస్తుందనుకోకూడదు. కట్టులో ఉండేది చాలావరకు నీళ్లే. అసలు సారం అడుగున ఉన్న ముద్దలో ఉంటుంది. గంజి విషయమూ అంతే.

తాలింపు లేని పప్పు చప్పగా ఉంటుందని రోగి పక్కకు నెట్టేస్తే చేసిన శ్రమంతా వృథా. నేతిలో ఆవాలు, జీలకర్ర, ఇంగువ, కరివేపాకు మామూలుగానే వేయించి, స్టీలు వడపోతతో వడకట్టి, ఆ నేతిని మాత్రం పప్పులో కలపాలి. వాసన, రుచి నేతిలోకి దిగిపోతాయి. గింజలు, ఆకులు పైన మిగిలిపోతాయి. ఎండుమిర్చి మాత్రం వేయకూడదు.

అన్నం పలుకు లేకుండా, నీళ్లు ఎక్కువ పోసి వండాలి. పెరుగన్నానికి ఆ అన్నాన్ని చేత్తో పిసికి, పులవని పెరుగు, కొంచెం పాలు కలిపితే గొంతులోకి జారిపోతుంది. దానిమ్మ గింజలు, అల్లం ముక్కలు, పచ్చిమిర్చి వద్దు. కట్టె పొంగలిలో మిరియాలు, జీడిపప్పు మానేసి పలచగా చేసుకోవచ్చు. ఇడ్లీని పొడిగా తింటే పొడిపొడిగా రాలి గాయం చుట్టూ అతుక్కుంటుంది. కారం తగ్గించిన సాంబారులోనో పలచటి పప్పులోనో నానబెట్టి మెదిపితే ఆ ఇబ్బంది లేదు.

జావలు, కూరలు, మాంసాహారం

రాగి 100 గ్రాముల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. రవ్వతో కాక మెత్తటి పిండితో జావ కాచి, చల్లార్చి, ఉప్పు, మజ్జిగ కలిపితే మొదటి రోజు నుంచే తాగవచ్చు. తెలంగాణలో తినే జొన్న గటకకు పలుకు ఉంటుంది కాబట్టి అది వారం తర్వాతే. వడకట్టిన అంబలికి అభ్యంతరం లేదు.

సొరకాయ (కోస్తాలో ఆనపకాయ), బీరకాయ, పొట్లకాయల్ని గింజ తీసి, మగ్గబెట్టి మెదపాలి. ఆకుకూరల్లో పీచు ఉంటుంది కాబట్టి మిక్సీ పట్టాలి. గోంగూర, చిక్కటి చింతపండు పులుసు పచ్చిగాయానికి మంట పెడతాయి. చారును పలచన చేసి, వడకట్టి, గోరువెచ్చగా తాగితే పులుపు కోరిక కొంతవరకు తీరుతుంది.

ఒక్కో గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రొటీన్ దొరుకుతుంది. పాలు కలిపి గిలక్కొట్టి, సన్న సెగన తేమ ఆరకుండా వండాలి. చేపల్లో ముళ్లు తక్కువైన కొర్రమీను మేలు. మలేషియాలోనూ శస్త్రచికిత్స, కాన్పుల తర్వాత ఈ చేపను పెట్టే ఆచారం ఉంది. ఆవిరి మీద ఉడికించి, ముల్లు లేదని వేళ్లతో తడిమి చూశాకే పెట్టాలి.

తిన్న ప్రతిసారీ నోరు శుభ్రం కావాలి. 24 గంటలు దాటాక గోరువెచ్చని ఉప్పునీటిని నోట్లో నింపుకుని, తలను అటూ ఇటూ వంచి, ఉమ్మకుండా బయటికి జారనివ్వాలి.

ఎక్కువ కాలం పథ్యం

దవడ విరిగి పళ్లను తీగలతో బిగించినప్పుడు సాధారణంగా 4 నుంచి 6 వారాలు ద్రవాహారమే గతి. అప్పుడు పప్పన్నం, ఉడికిన కూర, నెయ్యి కలిపి మిక్సీ పట్టి, వడకట్టి, రోజుకు ఆరేడుసార్లు ఇవ్వాలి. లేకపోతే బరువు తగ్గిపోతారు. నోటి క్యాన్సర్ శస్త్రచికిత్స తర్వాత మొదట్లో ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇస్తారు. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట తాగే అడ్డపొగ అలవాటు ఉన్నవారికి అంగిలి క్యాన్సర్ ముప్పు ఉంది. గుట్కా వల్ల నోరు బిగుసుకుపోయిన వారికి కొద్దిపాటి కారమూ మంటే. వీళ్ల కోసం ఇంటి వంటను నెలల తరబడి మార్చుకోవలసి రావచ్చు.

మధుమేహం ఉన్నవారికి జావ, మెత్తటి అన్నం చక్కెరను త్వరగా పెంచుతాయి. పప్పు, గుడ్డు వాటా పెంచాలి. తిండి తగ్గించి మాత్రలో ఇన్సులినో అలాగే వాడితే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది కాబట్టి మోతాదును శస్త్రచికిత్సకు ముందే వైద్యుడితో మాట్లాడుకోవాలి. మూడో రోజుకు తగ్గాల్సిన నొప్పి పెరిగినా, రక్తం ఆగకుండా కారినా, జ్వరం వచ్చినా, నీళ్లు మింగడం కష్టమైనా ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించాలి.