పేర్ల పట్టికకు కావలి జాబితా

ఇంటర్నెట్టులో ఒక యంత్రం మరొక యంత్రాన్ని గుర్తించేది అంకెలతోనే. మనకు అంకెలు జ్ఞాపకముండవు గనుక పేర్లు వాడుతాము. పేరు అడిగితే అంకె చెప్పే యంత్రమే డి.ఎన్.ఎస్. సర్వరు. మొదట్లో ఇంత ఏర్పాటు లేదు. అమెరికాలో మెన్లో పార్కులోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం పేర్లన్నిటినీ ఒకే పట్టికగా వ్రాసి ఉంచేది. కావలసినవారు నకలు తీసుకొనేవారు. యంత్రాలు పెరిగి ఆ పట్టిక మోయరాని బరువైంది. 1983లో పాల్ మొకపెట్రిస్, ఏ సంస్థ పేర్లు ఆ సంస్థ సర్వరులోనే ఉండే పద్ధతిని ప్రతిపాదించారు.

అయితే అడిగినవారికెల్లా నకలు ఇచ్చే పాత అలవాటు కొత్త పద్ధతిలోకీ వచ్చింది. నకలు అవసరమే. ఒక సర్వరు చెడిపోతే బదులు చెప్పడానికి మరొక సర్వరు పట్టికను మొత్తంగా దించుకొని ఉండవలెను గదా! కాని అదే నకలు దొంగ చేతికి చిక్కితే, ఇంటి ప్లాను అతనికి అప్పగించినట్లే. అందుచేత 1997లో వచ్చిన బైండు అనే సర్వరు ప్రోగ్రాము ఎనిమిదవ కూర్పులో, ఎ.సి.ఎల్. అనే పేరుతో అనుమతి జాబితాలు వ్రాసే వీలు కల్పించారు.

ఈ జాబితాలో ఒక చిక్కున్నది. సర్వరు దానిని పైనుండి క్రిందికి చదువుతూ, మొదట సరిపోయిన వరుస దగ్గరే ఆగిపోతుంది. 192.0.2.0 నుండి 192.0.2.255 వరకు అందరినీ రానిమ్మని వ్రాసి, దాని క్రింద 192.0.2.13ను రానీయవద్దని వ్రాశామనుకోండి. ఆ పదమూడవ యంత్రం నిర్భయంగా లోపలికి వస్తుంది! నిషేధం ముందు వ్రాయవలెను. విద్యార్థులు ఈ రెండు వరుసలను కాగితంపై తారుమారు చేసి చూచుకొనవచ్చు.

ఒకటి రెండు సర్వర్లయితే మనిషి చేత్తో దిద్దుతాడు. వందలైతే? ప్రతి విషయానికి ముందొక గుర్తు, వెనుకొక గుర్తు తగిలించి వ్రాసే ఎక్స్.ఎం.ఎల్. పద్ధతి 1998లో ప్రమాణమైంది. 2006లో దాని ఆధారంగా, నెట్‌వర్కు యంత్రాలను అమర్చడానికి నెట్‌కాన్ఫ్ అనే ఏర్పాటు వెలువడింది. సర్వర్లను నడిపే ప్రోగ్రాములు కొన్ని కూడా ఇటువంటి బాటే పట్టాయి. ‘ఈ అంకెను చేర్చు’ అని ఎక్స్.ఎం.ఎల్.లో చీటీ పంపితే చాలు, ప్రోగ్రామే జాబితాను దిద్దుతుంది. గుర్తు సరిగా మూయని చీటీని త్రోసిపుచ్చుతుంది.

కాని చీటీ రూపం సరిగా ఉన్నంత మాత్రాన అర్థం సరిగా ఉన్నట్లు కాదు. కొత్త నిషేధాన్ని ప్రోగ్రాము జాబితా చివర చేర్చిందా, మళ్ళీ ఆ పదమూడవ యంత్రం కథే! ఈ చిక్కు ఎరిగే కాబోలు, 2010లో నెట్‌కాన్ఫ్ కోసం యాంగ్ అనే వర్ణన భాషను వెలువరించినప్పుడు, ఏ జాబితాలో వరుసను మనిషే నిర్ణయించవలెనో విడిగా చెప్పే వీలు అందులో ఉంచారు. చెప్పకపోతే మాత్రం వరుస యంత్రం ఇష్టం.